అరిసెల పాకము

ఏలూరునుండి తాడేపల్లిగూడెమునకు పోవు దారిలో ఉంగుటూరు కలదు. 2022వ సంవత్సరమున ఏర్పడిన ఏలూరు జిల్లాలో ఇది యొక మండలకేంద్రము. ఈ ప్రాంతము గుండ ఏలూరు కాలువ పారుచున్నది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి జలము కాలువల వెంట పొలములకు చేరి, ఈ నేలను వరికి పుట్టినిల్లు గావించినది. దక్షిణమున, కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ, కొల్లేరు సరస్సు విస్తరించి యున్నది.

మార్గశిరమాసము వచ్చునప్పటికి సార్వా పంట కోతలై, కుప్పలు నూర్పులై, కొత్తధాన్యము ఇంటికి చేరును. చెరకు గానుగలు ఆడు కాలమును ఇదియే గనుక కొత్తబెల్లము దొరకును. పాదుమీద గుమ్మడి పూచును. పందిరిమీద చిక్కుడు కాచును. భాద్రపదమున రాలిన తాటిపండ్ల టెంకలను పాతరవేసి యుంచినవారు ఇప్పుడు త్రవ్వి తేగలు తీయుదురు. చలికాలము ఈ విధముగా ముడిసరకులన్నింటిని వాకిటిలోనికి తెచ్చి పెట్టును. వానితో ఏమి చేయవలెనో యెరిగిన చేతులు మాత్రము ఇంట ఉండవలెను.

ఆ చేతులలోని విద్య యెట్టిదో తెలిసికొనుటకు అరిసెనే ఉదాహరణముగా తీసికొందము. బియ్యము, బెల్లము, నువ్వులు, నెయ్యి, నూనె. ఇవి తప్ప అరిసెకు వేరు వస్తువు లక్కరలేదు. అయినను వంటయింట కష్టమైన పనులలో అది యొకటి.

మొదట బియ్యమును ఒక రాత్రి, ఒక పగలు నానబెట్టుదురు. నీరు వాసన పట్టకుండ నడుమ మార్చుచుందురు. పిదప వాడ్చి, తడి పూర్తిగా ఆరకమునుపే దంచి, జల్లించి, పిండిని గిన్నెలో అదిమి మూతపెట్టుదురు. పిండి ఆరినచో అరిసె పనికిరాదు. తడిపిండి పాకముతో కలిసి ముద్దయగును. పొడిపిండి పాకములోని నీటిని పీల్చుకొని బిరుసెక్కును. పిడికిట పట్టి వదలినప్పుడు ఆకారము చెడక నిలిచిన పిండి సరియైనదని పెద్దల గుర్తు.

తరువాత పాకము. కిలో బియ్యమునకు అరకిలోకు పైగా, ముప్పాతిక కిలోకు లోపుగా బెల్లము పట్టును. బెల్లమునకు కొద్ది నీరు చేర్చి కరగించి, వడగట్టి, మరల పొయ్యిమీద పెట్టుదురు. శుద్ధమైన నీరు నూరు డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగునని మీరు సామాన్యశాస్త్రమున చదివియున్నారు. పాకములోని నీరు ఆవిరియైన కొలది అది మరుగు ఉష్ణోగ్రత పెరుగుచుండును. రమారమి నూటపదునైదు డిగ్రీల వద్ద అది అరిసెకు తగిన ఉండపాక మగును. మన అవ్వలకు ఉష్ణమాపకము లేదు. వారు పళ్ళెములో చన్నీరు పోసి, అందులో ఒక్క చుక్క పాకము వేసి, వ్రేళ్ళతో కూడదీసి చూతురు. నీటిలో కరగక ఉండకట్టి, వ్రేళ్ళ నడుమ మెత్తగా అణగిన పాకము కుదిరినట్లు. అంతకు ముందే దించినచో అరిసె నూనెలో విడిపోవును. దాటిపోయినచో రాతివలె బిగియును. ఉండను పళ్ళెముపై విసరినప్పుడు టంగుమని మ్రోగినచో, అది వేరుసెనగ ఉండలకు పనికివచ్చు పాకమేగాని అరిసెలది కాదు. ఈ రెండింటికి నడుమనున్న వ్యవధి కొద్ది నిమిషములే. ఆ నిమిషములలో పొయ్యివద్దనుండి కన్ను మరల్చరాదు.

పాకము కుదిరినంతనే దించి, నెయ్యియు నువ్వులును వేసి, పిండి చల్లుచు కలియబెట్టవలెను. ఇక్కడ అరిసె మనకు మరియొక సంగతి నేర్పును. ఇది ఒకరి చేతిపని కాదు. ఒకరు పిండి చల్లవలెను; మరొకరు బలముగా తెడ్డు త్రిప్పవలెను; లేనిచో పిండి ఉండలు కట్టును. ఆ చలిమిడిని అరటియాకుపై నొకరు అద్దుచుండగా, వేరొకరు నూనెలో వేయించి తీయుదురు. ఇంకొకరు రెండు చెక్కపలకల నడుమ నొక్కి నూనె పిండుదురు. అందుచేతనే పల్లెలలో నేడు మీ ఇంట, రేపు మా ఇంట అని ఇరుగుపొరుగువారు వంతులు పెట్టుకొని పిండివంటలు చేసికొనుచు వచ్చిరి. ఎవరి ఇంట వండినను ప్రక్కయింటివారి శ్రమ అందులో కలిసియుండెడిది.

ఇట్లు చేసిన అరిసెలు వారములకొలది నిలువయుండును. బెల్లము నీటిని తనయందు పట్టియుంచి బూజునకు అందనీయదు. పాకమునందు వేపుటయందు మిగిలిన తేమయు చాలవరకు పోవును. శీతలయంత్రములు లేని కాలమున దూరపు బంధువుల ఇండ్లకు ప్రయాణము చేయగలిగిన మిఠాయి ఇది.

వంటయింట జరుగు పని ఇట్లుండగా, వాకిటిలో మరియొక విద్య సాగుచుండును. ధనుర్మాసమున తెల్లవారుజామున కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టుదురు. ఏడు చుక్కలతో మొదలిడి, ఇరువైపుల సందుచుక్కలు పెట్టుచు నాలుగు వచ్చువరకు పోయినచో మొత్తము ఎన్ని చుక్కలగునో లెక్కింపుడు. నడుమ ఏడు, ప్రక్కల ఆరు, అయిదు, నాలుగు, ఆ ప్రక్కలు రెండు. ముప్పదియేడు చుక్కల సమషడ్భుజి మీ వాకిటిలో నిలుచును. కాగితము, కొలబద్ద లేకుండ, వంగిన నడుముతో, రెండు వ్రేళ్ళ నడుమనుండి జారు పిండితో గీయు రేఖాగణితము ఇది. వరిపిండితో పెట్టిన ముగ్గు చీమలకు, పిచ్చుకలకు ఆహారమగును.

ముగ్గు నడుమ ఆవుపేడతో చేసిన గొబ్బెమ్మలను ఉంచి, గుమ్మడిపూలతో, బంతిపూలతో అలంకరింతురు. మరునాడు ఆ గొబ్బెమ్మలను పారవేయరు. పిడకలుగా చరచి ఎండబెట్టుదురు. పిల్లలు నడుమ రంధ్రము గల చిన్నపిడకలు చేసి, త్రాటికి గ్రుచ్చి దండలు కట్టి, భోగినాడు తెల్లవారకమునుపే మంటలో వేయుదురు. కొన్ని పిడకలను రథసప్తమికి దాచుదురు. ఆనాడు తులసికోటవద్ద వానిమీద పాలు పొంగించి, పరమాన్నము వండి, చిక్కుడాకులలో పెట్టి సూర్యునకు నివేదింతురు. చిక్కుడుకాయలకు కొబ్బరియీనెలు గ్రుచ్చి చిన్న రథము కట్టుదురు. కాయలే చక్రములు, ఈనెలే ఇరుసులు. కొనవలసిన వస్తువు ఒక్కటియు లేదు. పండుగ ముగిసిన పిదప నేలలో కలియక మిగులు వస్తువును లేదు.

కాలము మారినది. కొల్లేటి దిక్కున అనేక వరిపొలములు చేపలచెరువులైనవి. దున్నుటకు యంత్రములు వచ్చి పాడిపశువులును, ఎద్దులును అనేకుల ఇండ్లలో లేవు. మట్టివాకిళ్ళు సిమెంటువాకిళ్ళైనవి. రోటిలో దంచుటకు మారుగా మరలో పిండి పట్టించుచున్నారు. అరిసెలు అంగడిలో దొరకుచున్నవి. స్త్రీలు రోకలిపోటు తప్పించుకొనుట మంచిదే. పిండిమర వచ్చినందువలన విద్య పోదు. పాకమును పట్టిచూచు వ్రేళ్ళు లేనినాడు పోవును.

ఈ విద్య గ్రంథములలో కొంతయే కలదు. నీరు ఎంత పోయవలెనని అవ్వను అడుగుడు. కొద్దిగా నని చెప్పును. పిండి ఎంత యని అడుగుడు, పట్టినంత యనును. ఆమె మాట దాచుట లేదు. ఆమె కొలత ఆమె అరచేతిలో ఉన్నది. ప్రతి యేటి బియ్యము ఒకతీరుగ ఉండదు. ప్రతి దిమ్మెబెల్లము ఒకతీరుగ కరగదు. ఆ తేడాలను కనిపెట్టు చేయి ప్రక్కన కూర్చుండి చూచినవారికే అబ్బును. ఒక్క తరము చూడక తప్పిపోయినచో, తరువాతి తరమునకు చూపువా రుండరు.

చేతివిద్యను కాపాడుకొన్నవారికి అది అన్నము పెట్టిన ఉదాహరణము మనకు దూరమున లేదు. గోదావరి దాటి కోనసీమకు పోయినచో ఆత్రేయపురము కలదు. అచటి స్త్రీలు కుండను బోర్లించి, క్రింద మంటపెట్టి, పలుచని బియ్యపుపిండి నీటిలో ముంచిన గుడ్డను వేడికుండపై నొక్కసారి పరచి లాగుదురు. క్షణములో కాగితముకంటె పలుచని రేకు ఏర్పడును. దానికి నెయ్యి రాచి, చక్కెరపొడి గాని బెల్లపుపొడి గాని చల్లి చుట్టిన పూతరేకు, ఆ గ్రామమున ఎందరకో జీవనాధారమైనది. 2023వ సంవత్సరమున ఆత్రేయపురము పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ కుండపై గుడ్డను ఎంత వేగముగా లాగవలెనో ఏ పుస్తకము నేర్పగలదు? తల్లి చేయి చూచి కూతురు నేర్చినందుననే ఆ రేకు నేటికిని నిలిచియున్నది.

బాలబాలికలారా! వంటయింటి పని బాలికలకే చెందినదని బాలురు తొలగి నిలువరాదు. తెడ్డు త్రిప్పుటకు భుజబలము కావలెను. పాకము చూచుటకు ఓర్పు కావలెను. ఈ రెండును ఒక్కరి సొత్తు కావు. అయితే మరుగు పాకమును, కాగిన నూనెయు నీటికంటె తీవ్రముగా కాల్చును. పెద్దలు ప్రక్కన లేనిదే వాని దరికి పోరాదు.

రానున్న పుష్యమాసమున మీ ఇంట అరిసెలు వండుదినము తెలిసికొనుడు. ఒక త్రాసు, ఒక కాగితము చేతపట్టి అవ్వ ప్రక్కన కూర్చుండుడు. ఆమె చేతితో తీసిన పిండిని తూచి వ్రాయుడు. ఆమె పోసిన నీటిని కొలిచి వ్రాయుడు. అటుపిమ్మట కాగితమును ప్రక్కనుంచి, చన్నీటి పళ్ళెములో వ్రేళ్ళు ముంచి, ఆమె పట్టిచూచిన ఉండను మీరును పట్టిచూడుడు. కాగితము కొలతలను కాపాడును. పాకము కుదిరిన క్షణమును మాత్రము మీ వ్రేళ్ళే జ్ఞాపకముంచుకొనవలెను.