పొగాకు: తల తుంచే ముందు తోట రంగు చూడండి

సంక్రాంతి దగ్గరపడేసరికి టంగుటూరు, కొండపి ప్రాంతాల్లో ముందు నాటిన వర్జీనియా తోటలు మొగ్గకొస్తాయి. ఇంకో దఫా యూరియా వేయాలా, తల ఎప్పుడు తుంచాలి అని రైతులు అడిగేది ఇప్పుడే. ఈ రెండింటినీ కలిపే ఆలోచించాలి.

మిగతా పైర్లలో ఆకు ముదురుపచ్చగా ఉంటే సంతోషిస్తాం. వర్జీనియాలో మాత్రం కోత మొదలయ్యేనాటికి నేలలో నత్రజని దాదాపు అయిపోవాలి. అప్పుడే అడుగాకు నుంచి వరుసగా లేతపసుపు తిరిగి పండుతుంది. ఆలస్యంగా యూరియా పడితే ఆకు దళసరెక్కుతుంది గానీ పండదు. నికోటిన్ పెరిగి చక్కెర తగ్గుతుంది. బ్యారన్‌లో ఎంత జాగ్రత్తగా మంట పెట్టినా పచ్చదనం విడవదు. తూకం వచ్చినా వేలంలో లోగ్రేడు ధరే. అందుకే మొగ్గ కనిపించిన తోటకు ఇక యూరియా వద్దు.

జంగారెడ్డిగూడెం వైపు ఇసుక నేలల్లో హెక్టారుకు 115-120 కిలోల నత్రజని వేస్తారు. అక్కడ నీరు పెట్టిన కొద్దీ ఎరువు కిందికి దిగిపోతుంది. ఆ మోతాదు విని ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో వేస్తే తోట పాడవుతుంది.

పొటాష్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ధర తక్కువని మ్యూరేట్ ఆఫ్ పొటాష్ తెచ్చుకోవద్దు. 50 కిలోల బస్తాలో 22 కిలోలకు పైగా క్లోరినే ఉంటుంది. ఆకులో క్లోరిన్ 1.5 శాతం దాటితే పొగాకు సరిగా కాలదు, తేమ పీల్చుకుంటుంది. వచ్చే ఏడాదికైనా సల్ఫేట్ ఆఫ్ పొటాషే కొనండి. ఉప్పుబావి నీరు పెట్టినా ఇదే నష్టం.

ఇక తల తుంచడం. ఇన్ని ఆకులకే తుంచాలనే సూత్రం అన్ని తోటలకూ పనికిరాదు. ఏపుగా, ముదురుపచ్చగా ఉన్న తోటలో రెండు మూడు ఆకులు ఎక్కువ వదలండి, మిగులు నత్రజనిని అవి పంచుకుంటాయి. అక్కడ కిందికి తుంచితే పైఆకు తోలులా మందమవుతుంది. పలచగా, పాలిపోయిన తోటలో మొగ్గ రాగానే కాస్త కిందికి తుంచండి. ఎక్కడైనా పూత విచ్చేదాకా ఆగితే ఆకుకు చేరాల్సిన బలం పువ్వుకు పోతుంది.

తల తీసిన నాలుగైదు రోజులకే ఆకు చంకల్లో పిలకలు లేస్తాయి. ఒకటి గిల్లితే అదే చంకలో మరొకటి వస్తుంది. కాబట్టి తల తుంచిన వెంటనే 4 శాతం డెకనాల్, అంటే మొత్తం లీటరు ద్రావణంలో 40 మిల్లీలీటర్లు ఉండేలా కలిపి, చెట్టుకు 10-15 మిల్లీలీటర్లు కాండం మీదుగా పోయండి. ప్రతి చంకా తడవాలి. వాలిన చెట్టును చేత్తో నిలబెట్టి పోయకపోతే ఒకవైపు పిలకలన్నీ బతుకుతాయి. అంగుళం దాటిన పిలకను ముందే చేత్తో తీసేయండి, అది మందుకు చావదు.

మొజాయిక్ తెగులు మొక్కలను చివరికి వదిలి, వాటిని ముట్టిన చేతులు సబ్బుతో కడిగాకే మరో చాలులోకి వెళ్లమని కూలీలకు చెప్పండి. తల తుంచే చేతుల వెంటే ఈ తెగులు తోటంతా తిరుగుతుంది.