ఆటగాడి పొరపాటు, మన నాలుక

కొన్ని నెలల క్రితం అమెరికా నుంచి ఒక అబ్బాయి ఫోను చేశాడు. మన జిల్లావాడే, అక్కడ పై చదువు చదువుతున్నాడు. సలాములు, కుశలప్రశ్నలు అయ్యాక కాస్త తటపటాయించి, "హజ్రత్! ఆటగాడు బాగా ఆడలేదని అనడం కూడా గీబత్ అవుతుందా?" అని అడిగాడు. ప్రశ్న చిన్నదే. కాని గొంతులో ఏదో బరువు ఉంది. తరచి అడిగితే అసలు సంగతి బయటపడింది. తమ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులోని ఒక కుర్రాడి ఆటను ఇతడు తిట్టాడు. ఒకే గదిలో ఉండే మిత్రుడు, అతడూ ముస్లిమే, హైదరాబాదువాడు, ఆ కుర్రాడి పక్షం వహించాడు. మాటకు మాట పెరిగింది. ఇంట్లో పెద్దల దాకా, పెంపకం దాకా పోయింది. "నాలుగు రోజులైంది హజ్రత్. ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం, మాటల్లేవు. నమాజు కూడా ఎవరిది వారే చేసుకుంటున్నాం" అన్నాడు.

ముక్కూ మొహం తెలియని ఒక ఆటగాడి కోసం ఇద్దరు సోదరులు జమాఅత్‌ను వదులుకున్నారు! ఆ మాట విన్నాక ఊరుకోలేకపోయాం. ఈ పాఠానికి కారణం అదే. ఆ అబ్బాయికి ఫోనులో చెప్పింది కొంత, ఆ తర్వాత కితాబులు తిరగేసి చూసుకున్నది కొంత ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఆ ఆట గురించి రెండు మాటలు. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆట. కాలేజీ విద్యార్థులు ఆడే పోటీలకు కూడా శనివారాల్లో స్టేడియంలు కిటకిటలాడతాయి. ఆడేవారిలో ఎక్కువమంది పద్దెనిమిది నుంచి ఇరవై మూడేళ్ల పిల్లలే. చాలాకాలం వారికి ఫీజు, వసతి, భోజనం వంటివి తప్ప వేరే సొమ్ము ముట్టేది కాదు. 2021 జులై నుంచి తమ పేరు మీద ప్రకటనల ద్వారా సంపాదించుకోవడానికి, 2025 జులై నుంచి విశ్వవిద్యాలయాల వద్దే నేరుగా డబ్బు తీసుకోవడానికి వీలు కలిగింది. దాంతో కొందరు అభిమానులకు ఒక కొత్త వాదన దొరికింది: డబ్బు తీసుకుంటున్నాడు కాబట్టి తిట్లు కూడా తీసుకోవాలట! కూలి ఇచ్చినంత మాత్రాన కూలివాడి మర్యాద మన సొంతమైపోతుందని ఏ ధర్మశాస్త్రంలోనూ మేము చదవలేదు.

ఈ తిట్లు ఎక్కడిదాకా పోతాయో తెలియడానికి ఒక సంఘటన చాలు. అలబామా, ఆబర్న్ అనే రెండు విశ్వవిద్యాలయాలు ఒకే రాష్ట్రంలో ఉన్నాయి. వాటి మధ్య ఏటా జరిగే పోటీని ఐరన్ బౌల్ అంటారు. 2013 నవంబరు 30న జరిగిన పోటీలో అలబామా తరఫున కేడ్ ఫాస్టర్ అనే విద్యార్థి బంతిని గోలు స్తంభాల మధ్యకు తన్నాలి. మూడు ప్రయత్నాలు విఫలమయ్యాయి. ఒకదాన్ని ప్రత్యర్థులు అడ్డుకున్నారు. ఇంకొకసారి మొదట సరిగ్గానే తన్నాడు, కాని జట్టులో మరొకరి తప్పు వల్ల అది చెల్లలేదు. మళ్లీ తన్నాల్సి వచ్చింది, తప్పింది. చివరికి ఒక్క సెకను మిగిలి ఉండగా వేరొక ఆటగాడు 57 గజాల దూరం నుంచి తన్నిన బంతి స్తంభాలను చేరలేదు. ఆబర్న్ ఆటగాడు క్రిస్ డేవిస్ దాన్ని అందుకుని మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తాడు. అలబామా 28-34తో ఓడిపోయింది.

ఫాస్టర్‌కు చంపుతామనే బెదిరింపులు వచ్చాయి. పంపింది పరాయి జట్టువారు కాదు, మావాడు అని నిన్నటిదాకా చప్పట్లు కొట్టినవారే. కొద్దిరోజులకు మాజీ అధ్యక్షుడు జార్జ్ బుష్ స్వయంగా తన చేతిరాతతో ఓదార్పు ఉత్తరం పంపాడు. ఆ అబ్బాయి చొక్కా మీది అంకె 43, తాను 43వ అధ్యక్షుడు అనే పోలికను కూడా గుర్తుచేశాడు. ఆయన చేసిన యుద్ధాల గురించి మన బాధ వేరే ఉంది. అయినా కుంగిపోయిన ఒక కుర్రవాడికి ధైర్యం చెప్పడం మంచి పనే, ఎవరు చేసినా సరే.

ఇంతకీ, మన జట్టు ఓడితే బాధపడటమే తప్పా? కాదు. ప్రియ సహచరులకు కూడా ఆ బాధ కలిగింది. దైవప్రవక్త (సల్లం) వారి వద్ద అద్‌బా అనే ఒంటె ఉండేది. పరుగులో దాన్ని మించింది లేదు. ఒకసారి ఒక పల్లెటూరి అరబ్బు తన పడుచు ఒంటె మీద వచ్చి దాన్ని దాటేశాడు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. ముస్లింల మనసుకు కష్టం కలిగింది. ఆ కష్టం వారి ముఖాల్లో కనబడేంతగా కలిగింది. అప్పుడు దైవప్రవక్త (సల్లం) ఎవరినైనా నిందించారా? ఒంటెను అన్నారా, దాన్ని తోలినవారిని అన్నారా, గెలిచిన పల్లెటూరివాడిని అన్నారా? ఎవరినీ అనలేదు. ప్రపంచంలో పైకి లేచిన ప్రతి వస్తువునూ ఎప్పుడో ఒకప్పుడు కిందికి దించడం అల్లాహ్ తన మీద విధించుకున్న నియమమని బోధించారు. ఓటమికి బాధ్యుడు ఎవడా అని వెతికే మనసును అల్లాహ్ వైపు మళ్లించారు. ఈ హదీసును మదరసాలో ఎన్నిసార్లు చదివామో! దీనిలో ఓడినవారికి ఇంత గొప్ప ఓదార్పు ఉందని ఆ అబ్బాయి ఫోను పెట్టేశాక గాని మాకు తట్టలేదు.

పక్షం వహించడం సంగతి కూడా సహీహ్ బుఖారీలోనే ఉంది. అస్లమ్ తెగవారు బాణాల పోటీ పెట్టుకున్నారు. దైవప్రవక్త (సల్లం) అటు వచ్చి, మీ పితామహుడు ఇస్మాయీల్ (అలైహి) కూడా విలుకాడేనని వారిని ప్రోత్సహిస్తూ, తాను ఫలానా వారి పక్షమని అన్నారు. వెంటనే రెండో పక్షం వారు చేతులు దించేశారు. ఏమైందని అడిగితే, మీరు వారి వైపు ఉండగా మేమెలా వేస్తామన్నారు. అప్పుడాయన, వేయండి, నేను మీ అందరి పక్షమే అని భావం వచ్చేలా చెప్పారు. హజ్రత్ సలమా బిన్ అక్వా (రజి) ఈ విషయం తెలిపారు. చూశారా, ఆటలో ఒక పక్షం కోరుకోవడాన్ని షరీఅత్ నిషేధించలేదు. కాని తన ఇష్టం వల్ల ఎదుటివాడి చెయ్యి ఆగిపోతుంటే దైవప్రవక్త (సల్లం) తన మాటనే సవరించుకున్నారు. మనమైతే ఎదుటివాడి మనసు విరిగాక కూడా మన మాట మీదే నిలబడతాం, దానికి నిజాయితీ అని పేరు పెట్టుకుంటాం.

ఇక గీబత్ మాట. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన, సహీహ్ ముస్లింలోని హదీసు ప్రకారం, నీ సోదరుడు వింటే ఇష్టపడని సంగతిని అతడి వెనుక చెప్పడం గీబత్. ఆ లోపం నిజంగా ఉంటేనే అది గీబత్, లేకపోతే బుహ్తాన్, అంటే అపనింద. కాబట్టి 'ఉన్నమాటేగా అన్నాను' అనే జవాబు ఇక్కడ పనికిరాదు.

అయితే విమర్శ అనేదే హరామా? అలా అంటే హదీసు విద్యే నిలవదు. ఫలానా ఉల్లేఖకుడి జ్ఞాపకశక్తి బలహీనం, ఫలానావాడు నమ్మదగినవాడు కాడు అని మన ఇమాములు సంపుటాలకు సంపుటాలు రాశారు. దాన్ని జర్హ్ వ తాదీల్ అంటారు. ఇమాం నవవీ (రహ్మ) గీబత్‌కు మినహాయింపులుగా ఆరు సందర్భాలు పేర్కొన్నారు. అన్యాయానికి గురైనవాడు న్యాయాధికారికి మొర పెట్టుకోవడం, ఫత్వా అడగడం, నష్టం జరగకుండా జనాన్ని హెచ్చరించడం అందులో ఉన్నాయి. అన్నింటికీ ప్రాణం ఒకటే: అవసరం. ఆ అవసరం ఎంతో మాట అంతే. ఉల్లేఖకుడి జ్ఞాపకశక్తి గురించి చెప్పాల్సి వస్తే దాని వరకే చెప్పాలి, అతడి వంశం జోలికి పోకూడదు.

అంత జాగ్రత్తగా రాసినవారికి కూడా భయం తీరలేదు. ఇమాం ఇబ్ను అబీ హాతిం (రహ్మ) హిజ్రీ 327లో మరణించారు. ఈ విద్యలో ఆయన గ్రంథం లేని మదరసా గ్రంథాలయం ఉండదు. ఒకరోజు ఆయన ఆ గ్రంథాన్ని శిష్యులకు వినిపిస్తుండగా ఒక సజ్జనుడు వచ్చి, మీరు లోపాలు ఎంచుతున్న ఈ మనుషుల్లో ఎందరు వందేళ్ల కిందటే స్వర్గంలో బస చేసి ఉంటారో అన్నాడు. ఇమాం గారు ఏడ్చారు. చేతులు వణికి గ్రంథం జారి పడిపోయింది. ధర్మ రక్షణ కోసం రాసినవారి చెయ్యి వణికింది. ఆట కోసం టైపు చేసే మన వేలు వణకదు!

కనుక ఆ అబ్బాయికి మేమిచ్చిన జవాబు ఇది. వేలాదిమంది ఎదుట ఆడిన ఆటలో కనబడిన దాన్ని, 'ఈ రోజు బంతి సరిగ్గా తన్నలేకపోయాడు, ఫలానావాడికి అవకాశం ఇస్తే బాగుండేది' అని చెప్పుకోవడం పనిని గురించిన మాట. అదీ హద్దులో ఉంటే దాన్ని గీబత్ అనలేము. కోచ్‌కైతే అది బాధ్యత కూడా. కాని 'కావాలనే ఓడించాడు' అంటే మనసులోని సంగతి మనకెలా తెలుసు? 'అమ్ముడుపోయాడు' అంటే రుజువు లేనంతవరకు బుహ్తాన్. ఒంటి రంగు, శరీరం, తల్లి, ఊరు, ఇవన్నీ సూరె హుజురాత్ 11, 12 ఆయతుల్లో అల్లాహ్ నిషేధించిన ఎగతాళి, ఎత్తిపొడుపు, అనుమానాల కిందికే వస్తాయి. ఒక తోటి స్త్రీ పొట్టితనాన్ని సూచించే ఒక్క మాట సముద్రంలో కలిపితే సముద్రాన్నే పాడుచేసేదని హజ్రత్ ఆయిషా (రజి) గారికే చెప్పబడింది.

'ఆ ఆటగాడు ముస్లిం కాడు కదా' అని కొందరికి తోచవచ్చు. హనఫీ ఫిఖ్హ్ గ్రంథం దుర్రె ముఖ్తార్‌లో, ముస్లిం రాజ్యంలో ఒప్పందం మీద నివసించే ముస్లిమేతరుడికి హాని చేయకుండా ఉండటం విధి అని, ముస్లిం గీబత్ లాగే అతడి గీబత్ కూడా నిషిద్ధమని స్పష్టంగా ఉంది. వారి దేశంలో, వారి వీసా మీద, వారి కాలేజీలో చదువుకుంటూ మనం అంతకన్నా తక్కువ మర్యాద పాటించవచ్చా?

ఇప్పుడు రెండో అబ్బాయి, ఆటగాడి పక్షం వహించినవాడు. అతడు చేసింది మంచి పనే. సోదరుడి పరువు కాపాడటం పుణ్యం. కాని కాపాడే తీరు కూడా ముఖ్యం. 2007 సెప్టెంబరు 22న ఓక్లహోమా స్టేట్ జట్టు 49-45తో టెక్సాస్ టెక్ మీద గెలిచింది. గెలిచాక కోచ్ మైక్ గండీ విలేఖరుల ముందు ఆట గురించి మాట్లాడకుండా, తమ ఆటగాడు బాబీ రీడ్ మీద ఒక పత్రికలో వచ్చిన వ్యాసాన్ని చేతబట్టి, రాసిన విలేఖరి మీద మండిపడ్డాడు. కుర్రవాణ్ణి ఎందుకు అంటారు, నేను నలభై ఏళ్లవాణ్ణి, నన్ను అనండి అని కేకలు వేశాడు. ఆ దృశ్యం దేశమంతా మారుమోగింది, ఏళ్ల తరబడి నవ్వులాటగా మిగిలింది. పత్రికలో వచ్చిన రాతను ఒక ఊరు చదివి ఉంటుంది. కోచ్ కేకల వల్ల దేశమంతటికీ తెలిసింది. ఆ రక్షణ తనకు మేలుకంటే కీడే ఎక్కువ చేసిందని ఆ ఆటగాడే తర్వాత బాధపడ్డాడు. కోచ్ ఉద్దేశం మంచిదే కావచ్చు. మా వరకు, అలాంటి సందర్భంలో వ్యాసం రాసినవారితో తలుపు మూసి మాట్లాడటం, కుర్రవాడి భుజం తట్టడం చాలనిపిస్తుంది. మన హైదరాబాదు అబ్బాయి కూడా ఆటగాణ్ణి కాపాడబోయి స్నేహితుడి తండ్రిని అన్నాడు. ఒక గీబత్‌ను ఆపడానికి ఒక తిట్టు!

మద్యం తాగిన ఒక వ్యక్తిని శిక్షించాక ఎవరో అతణ్ణి శపించారు. దైవప్రవక్త (సల్లం) వారించి, అతడికి వ్యతిరేకంగా షైతానుకు సాయపడవద్దన్నారు. పాపం చేసినవాడి మీదే శిక్షకు మించి ఒక్క మాట చెల్లకపోతే, బంతి తప్పిన పిల్లవాడు చేసిన పాపమేమిటి?

మన దేశం సంగతి కూడా ఒక్కమాట చెప్పాలి. 2021 అక్టోబరు 24న దుబాయిలో పాకిస్తాన్ చేతిలో ఓడాక ముహమ్మద్ షమీని అతడి మతం పేరుతో తిట్టారు. మన ఇళ్లలో ఎంత బాధపడ్డామో గుర్తుందా? విరాట్ కోహ్లీ బహిరంగంగా అతడి పక్షాన నిలిస్తే ఎంత సంతోషించామో! మరుసటి ఏడాది, 2022 సెప్టెంబరు 4న, అదే ఊళ్లో అర్ష్‌దీప్ సింగ్ క్యాచ్ వదిలేశాడు. అతణ్ణి కూడా అలాగే దేశద్రోహి అన్నారు. ఆ రోజు మన గదుల్లో, మన ఫోనుల్లో నవ్విన పిల్లలు లేరా? ఉన్నారు. మేము చూశాం.

జూదం గురించి వేరే రాయాలి, ఇక్కడ చోటు లేదు. 2018 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అక్కడ చాలా రాష్ట్రాల్లో ఆటల మీద పందెం చట్టబద్ధమైంది. పందెం ఓడినవాడు ఆ కసిని ఆటగాడి మీద తీర్చుకుంటున్నాడు. మద్యం, జూదాల ద్వారా షైతాను మనుషుల మధ్య పగ రగిలిస్తాడని సూరె మాయిదా 91వ ఆయతు చెబుతోంది. ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు?

ఇక తౌబా. అన్న మాట ఆటగాడికి చేరి ఉంటే క్షమాపణ కూడా అక్కడికే చేరాలి. చేరకపోతే అల్లాహ్‌ను క్షమాభిక్ష అడిగి, ఎవరి ముందు చెడు చెప్పామో వారి ముందే అతడి మంచి చెప్పాలి. రాసి పంపినవి ఉంటే చెరిపేయాలి. మిత్రుడి విషయంలో అయితే ఆలస్యం అసలే పనికిరాదు. సోదరుడితో మూడు రాత్రులకు మించి మాటలు మానడం ధర్మసమ్మతం కాదు, ఇద్దరిలో మేలైనవాడు సలాం ముందు చెప్పేవాడు. హజ్రత్ అబూ అయ్యూబ్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు వినిపించి, "బేటా, నాలుగో రోజు నడుస్తోంది. ఫోను పెట్టెయ్, వంటగదిలోకి వెళ్లు" అన్నాం.

పదిరోజుల తర్వాత మళ్లీ ఫోను వచ్చింది. సలాం చెబుదామని వెళ్లేసరికి మిత్రుడు ఇద్దరికీ టీ కాస్తున్నాడట. ఎవరు ముందు సలాం చెప్పారన్నది తేలలేదని నవ్వాడు. శనివారం ఆట ఇద్దరూ కలిసే చూశారు, సగంలో ఆపి మగ్రిబ్ జమాఅత్‌తో చేసుకున్నారు. జట్టు మళ్లీ ఓడిందట.