ఎవరి మాటకు వారి పేరు: రెఫరెన్సులు రాసే పద్ధతి



వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి పంపమని వార్డెన్ గారు కబురు చేశారు. కథలు, కవితలు రాయడం నాకు చేతకాదు. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో దెబ్బ తిని నేర్చుకున్న పాఠం ఒకటుంది. అదే రాస్తున్నాను. డిగ్రీ, పీజీ చదివే తమ్ముళ్లకు ప్రాజెక్టు రిపోర్టు రాసేటప్పుడు ఇది ఇప్పుడే అవసరం. టెన్త్, ఇంటర్ తమ్ముళ్లకు రేపు అవసరమవుతుంది.

మా ఊరి చెరువు నీటిలో ఫాస్ఫేటు ఎంత ఉందో కొలవడం నా ప్రాజెక్టు. ఫలితాలు బాగా వచ్చాయి. గైడ్ గారు "జర్నల్‌కు పంపుదాం" అన్నారు. మా ఇంట్లో డిగ్రీ దాటినవాణ్ని నేనే మొదటివాణ్ని. నా పేరు అచ్చులో వస్తుందని అమ్మకు ముందే ఫోన్ చేసి చెప్పేశాను. పది రోజుల్లో పేపరు తిరిగొచ్చింది. ప్రయోగం తప్పని కాదు, అసలు ప్రయోగం దాకా చదవనే లేదు. "రెఫరెన్సులు మా పద్ధతిలో లేవు, కొన్ని వెతికితే దొరకడం లేదు" అని రెండు ముక్కలు రాశారు.

గైడ్ గారు జాబితా ముందు పెట్టుకుని, ఒక్కొక్క దాని మీద వేలు పెట్టి "ఇది చదివావా?" అని అడిగారు. 31 రెఫరెన్సుల్లో 12 నేను చదవలేదు. వేరేవాళ్ల పేపర్ల చివరి జాబితాల్లోంచి ఎత్తి రాశాను. ఒకదానికి పేజీ నంబరు తప్పు. ఆ తప్పు నాకంటే ముందే ఎవరో చేశారు, నేను చూడకుండా దింపేశాను. పరీక్షలో పక్కవాడిది కాపీ కొడుతూ వాడి తప్పుతో సహా దింపడం లాంటిదే ఇదీ. ఆ రోజు సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

రెఫరెన్సు అంటే ఏమిటి?

మా అమ్మకు చదువు రాదు. అయినా కిరాణా కొట్టులో ఏ రోజు ఏం తెచ్చామో, ఎంత బాకీ ఉన్నామో నోటిలెక్కగా చెబుతుంది. రెఫరెన్సు కూడా అలాంటి ఖాతాయే. ఈ మాట నాది కాదు, ఫలానావారి దగ్గర తెచ్చుకున్నాను అని రాసే పద్దు. దానితో రెండు పనులు జరుగుతాయి. కష్టపడినవారి పేరు వారికి దక్కుతుంది. చదివేవాడు కావాలంటే అసలు పేపరు తెరిచి, మనం చెప్పింది నిజమో కాదో చూసుకోగలుగుతాడు.

ఒక ఉదాహరణ

ఫాస్ఫేటు కొలిచే పద్ధతుల్లో ఒకదాని పేరు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. నమూనాలో అమ్మోనియం మాలిబ్డేటు, ఆ తర్వాత క్షయకరణం చేసే ద్రావణం కలిపితే నీలం రంగు వస్తుంది. ఆ రంగు ఎంత ముదురుగా ఉందో కలరీమీటరులో చూసి లెక్క కడతాం. ప్రాక్టికల్స్‌లో ఎన్నోసార్లు చేశాను కానీ, ఈ సుబ్బారావు ఎవరో ఆలోచించలేదు. ఆయన 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఈ పద్ధతిని ప్రచురించారు. ఆ రెఫరెన్సు రెండు పద్ధతుల్లో ఎలా ఉంటుందో చూడండి. జర్నల్‌కు ఇంగ్లీషులోనే రాయాలి, ఇక్కడ తెలుగు లిపిలో చూపిస్తున్నాను.

అంకెల పద్ధతి: ఫిస్కే సీహెచ్, సుబ్బారో వై. ద కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జె బయోల్ కెమ్. 1925;66:375-400.

పేరు-సంవత్సరం పద్ధతి: ఫిస్కే, సి. హెచ్., & సుబ్బారో, వై. (1925). ద కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ, 66, 375–400.

రెండింటిలోనూ ఉన్న సమాచారం ఒక్కటే: రచయితలు, శీర్షిక, జర్నల్, సంవత్సరం, సంపుటి, పేజీలు. మారేది వరుస, చుక్కలు, కామాలు. మొదటిదాన్ని వాంకూవర్ పద్ధతి అంటారు. 1978లో కెనడాలోని వాంకూవర్‌లో వైద్య పత్రికల సంపాదకులు సమావేశమై దీనికి పునాది వేశారు. ఇందులో వ్యాసం మధ్యలో అంకె మాత్రమే వేస్తాం. ఏది ముందు ప్రస్తావిస్తే దానికి 1. అదే పేపరు మళ్లీ వస్తే మళ్లీ అదే అంకె. రెండోది ఏపీఏ పద్ధతి. ఇందులో వ్యాసం మధ్యలో పేర్లు, సంవత్సరం రాస్తాం. చివరి జాబితా ఇంగ్లీషు అక్షరక్రమంలో ఉండాలి.

గుర్తుంచుకోవలసినవి

1. రాయడం మొదలుపెట్టే ముందే జర్నల్ వారు రచయితలకు ఇచ్చిన సూచనలు చదవండి. ఏ పద్ధతో అందులోనే ఉంటుంది.

2. వ్యాసంలో ప్రస్తావించిన ప్రతిదీ జాబితాలో ఉండాలి. జాబితాలో ఉన్న ప్రతిదీ వ్యాసంలో కనిపించాలి.

3. కొత్త పేపర్లకు డీఓఐ అనే శాశ్వత సంఖ్య ఉంటుంది. 10తో మొదలవుతుంది. వెబ్‌సైటు చిరునామా మారినా ఇది మారదు. తప్పకుండా రాయండి.

4. జొటేరో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఒక్క నొక్కుతో జాబితా అంతా ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి మారుతుంది. కానీ మనం తప్పు ఎక్కిస్తే తప్పునే చక్కగా అమర్చి ఇస్తుంది.

5. చాట్‌జీపీటీ లాంటివాటిని రెఫరెన్సులు అడిగి అలాగే పెట్టేయకండి. లేని పేపర్లను ఉన్నట్టుగా, జర్నల్ పేరు, పేజీలతో సహా అవి కల్పించి ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి.

6. చదవని పేపరు జాబితాలో పెట్టకండి.

మన పేర్ల సంగతి

పై రెఫరెన్సులో "సుబ్బారో వై" చూశారు కదా. ఎల్లాప్రగడ అనే ఇంటిపేరు ఒక్క అక్షరంగా మిగిలింది. పేరు వెళ్లి ఇంటిపేరు స్థానంలో కూర్చుంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్లు చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకుంటారు. కాబట్టి మొదటి పేపరు పంపేటప్పుడే మీ పేరు ఎలా ఉండాలో నిర్ణయించుకుని, ఎప్పుడూ అలాగే రాయండి. ఓర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య ఉచితంగా ఇస్తారు. అది తీసుకుంటే ఒకే పేరున్న పదిమందిలో మీ పని మీ పేరునే ఉంటుంది.

చివరగా

ఆ 12 పేపర్లూ వెతికి చదవడానికి నాకు మూడు వారాలు పట్టింది. నాలుగింటిలో నేను రాసిన సంగతి అసలు లేనే లేదు. వాటిని తీసేశాను. ఒకటి నేను చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంది. దానివల్ల నా వ్యాసంలో ఒక పేరా మొత్తం మార్చాల్సి వచ్చింది. అప్పుడు అర్థమైంది, తిరిగి రావడమే మేలైందని. ఆ పేరా అలాగే అచ్చయి ఉంటే నా పేరు మీద ఒక అబద్ధం ఉండిపోయేది.

పేపరు మళ్లీ పంపాను. జవాబు ఇంకా రాలేదు. "పేరు పడిందా?" అని అమ్మ ఫోన్లో అడుగుతూనే ఉంది. ఈసారి తొందరపడి ఏమీ చెప్పలేదు.

తమ్ముళ్లూ, సుబ్బారావు గారి పేపరుకు నూరేళ్లు నిండాయి. ఇప్పటికీ 66వ సంపుటి, 375వ పేజీ అని వెతికితే దొరుకుతుంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవవచ్చు. ఎవరో ఒకరు ఆ చిరునామా సరిగ్గా రాస్తూ వచ్చారు కాబట్టే అది మన దాకా చేరింది. మీరూ సరిగ్గా రాయండి. సందేహం ఉంటే, సెలవుల్లో హాస్టల్‌కు వచ్చినప్పుడు మొహమాటపడకుండా అడగండి.

మీ అన్న,
పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ