టెండర్లలో పోటీ

1998లో మాదాపూరున సైబర్ టవర్స్ వెలసినది మొదలు హైటెక్ సిటీలో మేడలు లేచుచునే యున్నవి. ఆ మేడలకును మన ఊరి మురుగుకాలువకును సిమెంటు ఒక్కటే. కొన్ని సిమెంటు కంపెనీలు ధరల విషయమై కూడబలుకుకొన్నవని 2012లో కాంపిటీషన్ కమిషన్ 6,000 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించెను. ట్రిబ్యునలు దానిని త్రోసిపుచ్చగా, 2016లో మరల విధించెను. వివాదము సుప్రీంకోర్టుకు చేరినది.

ఇట్టి కూడబలుకు గ్రామములలోను జరుగవచ్చును. మూడు టెండర్లు వచ్చినవని సభ్యులు తృప్తిపడరాదని మా మనవి. మూడింటను ఒకే కూడిక తప్పు, ఒకే ఫోను నంబరు కనిపించినచో కంట్రాక్టర్లు పనులను వంతులు వేసికొనుచున్నారేమో చూడవలెను. అట్లు పోవునది ఊరి పన్నుల సొమ్మే గదా! 2002 నాటి పోటీ చట్టము దీనిని నిషేధించినది. ఆ వ్యాపారములో లేకున్నను ఒప్పందము కుదిర్చిన మధ్యవర్తిని సైతము 2023 సవరణ బాధ్యుని చేసినది. స్థానిక సంస్థలును రుసుము చెల్లించి కమిషనుకు ఫిర్యాదు చేయవచ్చును. అందుకై ఆ టెండరు కాగితములను భద్రపరచవలెను.