దరఖాస్తు తేలకముందే ఊరికి వస్తే

విదేశంలో పని అనుమతికో చదువు అనుమతికో పెట్టుకున్న దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా స్వదేశానికి వచ్చేవారి విషయంలో చట్టం రెండు సంగతులను విడివిడిగా చూస్తుంది. అక్కడ ఉండే హక్కు ఒకటి, అక్కడికి తిరిగి వెళ్లే హక్కు మరొకటి. దరఖాస్తు అందినట్టు ఇచ్చే రసీదు చాలా దేశాల్లో మొదటిదాన్నే కాపాడుతుంది. విదేశీ ప్రయాణం వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో చెప్పింది, 1978లో మేనకా గాంధీ కేసులో ఆ హక్కును మరింత గట్టిపరిచింది. అయితే ఆ హక్కు భారత ప్రభుత్వం మీదే చెల్లుతుంది. రానివ్వాలా వద్దా అన్నది వెళ్లే దేశం ఇష్టం.

రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు వైపు నుంచి కువైట్ వెళ్లినవారికి ఈ చిక్కు అకామాతో (నివాస అనుమతితో) వస్తుంది. ఇళ్లలో పనిచేసేవారికి 20వ ఆర్టికల్ కింద ఖద్దామా అకామా, ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవారికి 18వ ఆర్టికల్ కింద షూన్ అకామా ఉంటాయి. సాధారణంగా 6 నెలలకు మించి కువైట్ బయట ఉంటే అకామా రద్దవుతుంది. 2025 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం ఇంటి పనివారికి ఆ గడువు 4 నెలలే; అంతకు మించి ఉండాలంటే సేటు (యజమాని) ముందుగా అనుమతి తీసుకోవాలి. 18వ ఆర్టికల్ వారు దేశం దాటాలంటే 2025 జూలై 1 నుంచి కంపెనీ ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ కూడా ఉండాలి.

సేటు మారడానికి రిలీజ్‌కు (బదిలీకి) దరఖాస్తు పెట్టుకుని, అది పూర్తికాకముందే ఊరికి వచ్చేవారు అందరికన్నా ఎక్కువగా నష్టపోతారు. కొత్త అకామా ఇంకా పడలేదు గనుక వారు తిరిగి వెళ్లాల్సింది పాత అకామా మీదే. ఈలోగా పాత సేటు దాన్ని రద్దు చేసినా, దాని గడువు ముగిసినా విమానం టికెట్ చేతిలో ఉండి ప్రయోజనం లేదు. మళ్లీ కొత్త వీసా, మళ్లీ ఏజెంటు, మళ్లీ వడ్డీకి తెచ్చిన డబ్బు. కొత్త అకామా పడిందని కళ్లారా చూసుకున్నాకే బయలుదేరడం క్షేమం. పాస్‌పోర్టు సేటు దగ్గరే ఉండిపోయిందని చాలామంది మహిళలు రాలేకపోతుంటారు. పనివారి సమ్మతి లేకుండా అలా దగ్గర పెట్టుకోవడం కువైట్ గృహ కార్మికుల చట్టం (2015లో 68వ చట్టం) ప్రకారం తప్పు. భారత పాస్‌పోర్టు చట్టం 1967లోని 17వ సెక్షన్ ప్రకారమైతే పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి. దాన్ని ఇప్పించమని రాయబార కార్యాలయాన్ని అడగడం హక్కే.

కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు పిల్లలు ఎక్కువగా చేరే అమెరికాలో నియమాలు ఇంకా చిక్కుగా ఉంటాయి. అక్కడ గడువు పొడిగింపు వేరు, స్టేటస్ మార్పు వేరు. ఎఫ్1 విద్యార్థి అమెరికాలో ఉండగానే హెచ్1బీకి (ఉద్యోగ హోదాకు) మారడానికి యజమాని పిటిషన్ వేసి, అది తేలకముందే ఆ విద్యార్థి దేశం దాటితే స్టేటస్ మార్పు అభ్యర్థనను వదులుకున్నట్టే లెక్క. హెచ్1బీ పిటిషన్ మాత్రం బతికే ఉండొచ్చు. అది ఆమోదం పొందాక హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్ చేయించుకుని కొత్తగా ప్రవేశించాలి.

2025 దాకా ఇది కొన్ని నెలల జాప్యంతో పోయేది. ఆ ఏడాది భారం ఎన్నో రెట్లు పెరిగింది. 2025 సెప్టెంబర్ 21న, లేదా ఆ తర్వాత వేసిన కొత్త హెచ్1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల చెల్లింపు విధిస్తూ అమెరికా అధ్యక్షుడు 12 నెలల ఉత్తర్వు ఇచ్చారు. అమెరికాలోనే స్టేటస్ మార్చుకునేవారికి ఇది వర్తించదని ఆ దేశ ఇమిగ్రేషన్ శాఖ అక్టోబర్‌లో వివరణ ఇచ్చింది. ఆ వివరణలోనే, స్టేటస్ మార్పు తేలకముందే దేశం దాటినవారికి చెల్లింపు వర్తిస్తుందని కూడా ఉంది. అక్క పెళ్లికని పది రోజులు వచ్చినందుకు లక్ష డాలర్లు కట్టే యజమాని దొరకడం దాదాపు అసాధ్యం. ఈ ఒక్క నియమం తెలియక ఉద్యోగం పోగొట్టుకుంటే, ఆ చదువుకు అప్పుచేసిన ఇల్లు మొత్తం కుంగిపోతుంది.

ఇప్పటికే హెచ్1బీలో ఉన్నవారికి అదే యజమాని వేసిన పొడిగింపు పిటిషన్ ప్రయాణంతో రద్దు కాదు. అది పెండింగ్‌లో ఉండగా పాత గడువు దాటాక కూడా 240 రోజుల వరకు పనిచేయవచ్చు, అయితే ఆ వెసులుబాటు అమెరికాలో ఉన్నవారికే. ఊరికి వచ్చాక, పాస్‌పోర్టులో వీసా గడువు తీరి ఉంటే స్టాంపింగ్ తప్పదు. ఆ స్టాంపింగ్‌కు పిటిషన్ ఆమోదం ఉండి తీరాలి. 2025 సెప్టెంబర్ నుంచి ఇంటర్వ్యూ అవసరం లేని డ్రాప్‌బాక్స్ సౌకర్యం చాలామందికి పోయింది. డిసెంబర్ 15 నుంచి హెచ్1బీ, హెచ్4 (వారి కుటుంబ సభ్యుల వీసా) వారి సోషల్ మీడియా ఖాతాల పరిశీలన మొదలుకావడంతో భారత్‌లోని కాన్సులేట్లు ఆ నెల ఇంటర్వ్యూలను 2026 మార్చికి, ఆ తర్వాతికి జరిపాయి. సెలవు పెట్టి వచ్చినవారెందరో ఉద్యోగం అక్కడ, తాము ఇక్కడ అన్నట్టు మిగిలిపోయారు.

చదువు ముగించి ఓపీటీకి (చదువు తర్వాతి పని అనుమతికి) దరఖాస్తు చేసినవారికి కొంత నయం. అది పెండింగ్‌లో ఉండగా వచ్చి తిరిగి వెళ్లవచ్చు. గడువు ఉన్న ఎఫ్1 వీసా, 6 నెలల లోపు ప్రయాణ సంతకం ఉన్న ఐ-20 (కాలేజీ ఇచ్చే పత్రం), ఓపీటీ రసీదు వెంట ఉండాలి. ఓపీటీ మంజూరయ్యాక వచ్చేవారి దగ్గర ఉద్యోగ పత్రం కూడా ఉండటం అవసరం. ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా గడిచే రోజులు మొత్తం 90 దాటకూడదు, ఊళ్లో ఉన్న రోజులూ అందులోకే వస్తాయి. గ్రీన్‌కార్డు చివరి దశ దరఖాస్తు ఐ-485 పెట్టినవారు అడ్వాన్స్ పెరోల్ (ముందస్తు ప్రయాణ అనుమతి) లేకుండా దేశం దాటితే దరఖాస్తు పోతుంది. చెల్లుబాటులో ఉన్న హెచ్, ఎల్ వీసాల వారికి మినహాయింపు ఉంది.

బ్రిటన్ నియమం సూటిగా ఉంటుంది. దేశంలో ఉండగా పెట్టిన పొడిగింపు దరఖాస్తు తేలకముందే బ్రిటన్, ఐర్లండ్ తదితర ప్రాంతాల ఉమ్మడి ప్రయాణ పరిధి దాటితే, దాటిన రోజునే దరఖాస్తు ఉపసంహరించుకున్నట్టు లెక్క. కెనడాలో పర్మిట్ పొడిగింపు తేలేదాకా పాత షరతుల మీదే పనిచేయవచ్చు, చదవవచ్చు. బయటికి వస్తే ఆ రక్షణ పోతుంది. వీసా ఉంటే మళ్లీ ప్రవేశం దొరకవచ్చు గానీ, పొడిగింపు తేలేదాకా సాధారణంగా పని మొదలుపెట్టకూడదు. ఆస్ట్రేలియాలో దరఖాస్తు తేలేదాకా ఇచ్చే బ్రిడ్జింగ్ ఏ వీసా వారు బయలుదేరే ముందే బ్రిడ్జింగ్ బీ తీసుకోవాలి.

తల్లిదండ్రుల జబ్బు, చావు ఏ రసీదు కోసమూ ఆగవు. అలాంటప్పుడు కూడా టికెట్ కొనే ముందు యజమాని తరఫు న్యాయవాదినో, కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్నో అడగాలి. హెచ్1బీ పిటిషన్‌కు అదనపు రుసుముతో 15 పనిదినాల్లో నిర్ణయం రాబట్టే ప్రీమియం పద్ధతి ఉంది.

పొలం పంపకం, ఇంటి రిజిస్ట్రేషన్ కోసమైతే రావాల్సిన పనే లేదు. రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం విదేశంలో ఉన్నవారు భారత కాన్సులేట్ అధికారి ముందు సంతకం చేసి ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపితే సబ్‌రిజిస్ట్రార్ అంగీకరించాలి. ఆ పత్రం భారత్‌కు చేరిన 3 నెలల్లోగా స్టాంపు సుంకం చెల్లించాలి.

‘ఏం కాదు, పోయి రా’ అని భరోసా ఇచ్చే ఏజెంటు మాట చట్టం ముందు నిలవదు. 1983 వలస చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా పనివారిని విదేశాలకు పంపడం నేరం, 2 ఏళ్ల వరకు జైలు పడవచ్చు. రిజిస్టరైన ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీకి మించి రుసుము తీసుకోకూడదు. మోసపోయినవారు పోలీసులకు ఫిర్యాదు చేయడానికి డబ్బిచ్చిన రసీదులు, ఫోన్‌పే వివరాలు, వాట్సాప్ సందేశాలు దాచుకోవాలి. విదేశంలో చిక్కుకున్నవారి తరఫున ఇంట్లోవారు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. కర్నూలు, కడప జిల్లా న్యాయసేవాధికార సంస్థల్లో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. న్యాయసేవల ఫోన్ నంబరు 15100.