చదరంగం గళ్ళలో ఇరవై అంకెల సంఖ్య



పదో తరగతి పాసయ్యాక మనలో చాలామంది "లెక్కలు మనకెందుకులే" అని ఎం.పి.సి. వదిలేస్తారు. మా ఇంట్లో నాకు ముందు డిగ్రీ చదివినవాళ్ళు లేరు. లెక్క అర్థం కాకపోతే వడ్డేపల్లి హాస్టల్ సీనియర్లే నాకు దిక్కు. ఈ సంచికలో మీకు నేను చెప్పేది ఒక పెద్ద సంఖ్య సంగతి.

చదరంగం బల్ల మొదటి గడిలో 1 గింజ, రెండో గడిలో 2, మూడో గడిలో 4, ఇలా 64 గళ్ళకూ రెట్టింపు చేస్తే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. కిలోకు 40 వేల బియ్యపు గింజలు అనుకుంటే సుమారు 46 వేల కోట్ల టన్నులు. ప్రపంచంలో ఇప్పుడు ఏటా వచ్చే బియ్యం 50 కోట్ల టన్నులకు కొంచెం పైన. అంటే ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ళ పంట!

ఈ సంఖ్యను పావులూరి మల్లన ఒక తెలుగు పద్యంలో ఇమిడ్చాడు. ఆయనను 11వ శతాబ్దపు కవిగా చెబుతారు. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు చేసింది ఆయనే. పద్యంలో అంకెలుండవు, మాటలుంటాయి. చంద్రుడు అంటే 1, వేదాలు 4, బాణాలు 5, ఆకాశం 0. ఒకట్ల స్థానం నుండి ఎడమకు రాసుకుంటూ పోవాలి. మొదటి మాటకు అర్థం బాణం, అంటే 5.

చేతిరాతలో ఒక్క మాట మారినా లెక్క తప్పుతుంది. మరి సరిచూడటం ఎలా?

1. ఏ గడిలోనైనా ఉన్నవి అంతకు ముందు గళ్ళ మొత్తం కన్నా ఒకటి ఎక్కువ (1+2+4=7, తర్వాతి గడి 8). కాబట్టి 64 గళ్ళ మొత్తం 2⁶⁴ − 1.

2. రెండు ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 వరుసగా తిరుగుతాయి. 64ను 4 భాగిస్తుంది, కనుక 2⁶⁴ చివరి అంకె 6. ఒకటి తీస్తే 5. పద్యంలోని బాణం సరిపోయింది!

3. a² − b² = (a − b)(a + b) సూత్రాన్ని మళ్ళీ మళ్ళీ వాడండి. మన సంఖ్య 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297 అవుతుంది. అంకెల మొత్తం 87, కనుక 3తో భాగింపబడుతుందని కూడా తేలింది.

చివరి కారణాంకం ప్రధాన సంఖ్యే అని ఫెర్మా అనుకున్నాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641 × 6700417 అని విడగొట్టాడు. కాగితం మీద గుణించి చూడండి, ఐదు నిమిషాల పని.

తమ్ముళ్ళారా, పైన వాడినవన్నీ హైస్కూలు సూత్రాలే. ఇరవై అంకెలు చూసి బెదరకండి, విడగొట్టండి. గ్రూపు ఎంచుకునే రోజున భయం చేత కాదు, ఇష్టం చేత ఎంచుకోండి.

మీకొక లెక్క: 32 గళ్ళే ఉంటే మొత్తం ఎంత? దాని కారణాంకాలు ఏవి?

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (గణితం)