పిల్లల్ని ఏ బడిలో వేయాలి? ఒక లెక్కల మాస్టారి అనుభవ పాఠాలు

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెబుతూ నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. వేసవి వచ్చిందంటే ఊళ్లో తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒక్కటే: ‘మాస్టారూ, మా వాణ్ని ఏ బడిలో వేయమంటారు?’ ఊళ్లో సర్కారు బడి ఉంటుంది. టౌను నుంచి బస్సు పంపే ప్రైవేటు బడి ఉంటుంది. పరీక్ష రాసి సీటు తెచ్చుకోవలసిన నవోదయ, గురుకులం, సైనిక్ స్కూలు ఉంటాయి. టీచరుగా ఎంతోమందికి సలహా చెప్పాను. తండ్రిగా నా పిల్లల విషయం నేనే తేల్చుకోవలసి వచ్చింది. ఆ రెండు పాత్రల్లో నేర్చుకున్నవి, ఆలస్యంగా తెలిసివచ్చినవి, ఇక్కడ రాస్తున్నాను.

1. బడి పేరు కంటే అక్కడి పిల్లల నోటు పుస్తకం ఎక్కువ చెబుతుంది.

మా పక్కింటి అమ్మాయి ప్రైవేటు బడిలో ఐదో తరగతి చదివేటప్పుడు తన లెక్కల నోటు పుస్తకం తెచ్చి చూపించింది. నీటుగా అట్ట వేసి, లేబుల్ అంటించి ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలు. ప్రతి పేజీ కిందా ఎర్ర సిరాతో టీచరు సంతకం. ఒక పేజీలో 1/2కు 1/3 కలిపితే 2/5 అని రాసి ఉంది. దాని పక్కనా రైటు గుర్తే. ఆ సంతకం పెట్టిన చేయి ఆ లెక్కను చదవలేదు. మీరు చేర్చాలనుకున్న బడి సర్కారుదైనా, ప్రైవేటుదైనా, అక్కడ చదివే పిల్లల పుస్తకాలు రెండు మూడు అడిగి చూడండి. తప్పును టీచరు పట్టుకున్నారా, పిల్లచేత మళ్లీ చేయించారా చూడండి. అదే లెక్కను అంకెలు మార్చి ఆ పిల్లను చేయమనండి. గేటు మీది ఫ్లెక్సీలో ర్యాంకుల ఫొటోలు ఉంటాయి. ర్యాంకు రాని పిల్లలకు ఆ బడి ఏం చేసిందో ఫ్లెక్సీ చెప్పదు, నోటు పుస్తకం చెబుతుంది.

2. సర్కారు బడి మంచిదా చెడ్డదా అని అడిగే ముందు టీచర్లెందరో లెక్కపెట్టండి.

సర్కారు టీచరు శిక్షణ పొంది, డీఎస్సీలో పోటీపడి గెలిచి వస్తాడు. చిన్న టౌన్ల ప్రైవేటు బడుల్లో చాలాచోట్ల ఆ అర్హత ఉండదు. అయితే అర్హత ఒక్కటే పాఠం చెప్పదు, మనుషులూ సరిపడా ఉండాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లు. అంటే ఐదు తరగతులకు ఇద్దరు. ఒకరు రెండో తరగతికి ఎక్కాలు చెప్పిస్తుంటే మూడో తరగతి పిల్లలు చూచిరాత రాస్తూ కూర్చోవాల్సిందే. ఒకరు సెలవు పెడితే బడంతా రెండోవారి మీదే పడుతుంది. పెద్ద ఊళ్లో తరగతికో టీచరున్న బడి సంగతి పూర్తిగా వేరు. హైస్కూలు సంగతి మరీ వేరు, అక్కడ సబ్జెక్టుకో బీఈడీ టీచరు ఉండాలి. లెక్కలు, ఫిజిక్స్, ఇంగ్లీషు పోస్టులు భర్తీ అయి ఉన్నాయో లేదో హెడ్మాస్టరును అడగండి, మొహమాటపడకండి. ప్రైవేటు బడిలో అడగాల్సింది మరొకటి: పోయిన ఏడాది పాఠం చెప్పిన టీచర్లు ఈ ఏడాది ఎందరు మిగిలారు? జీతాలు చాలక ఏటా టీచర్లు మారిపోయే బడిలో పిల్లవాడు ఏ ఒక్కరికీ పూర్తిగా పరిచయం కాకుండానే పై తరగతికి పోతాడు.

3. ఫీజును ఒక్క ఏడాదికి చూసుకుని బడి నిర్ణయించకూడదు.

నర్సరీ ఫీజు చూసి ‘కట్టగలం’ అనుకుంటాం. ఆపైన బస్సు, పుస్తకాలు, యూనిఫాం, ‘ఫౌండేషన్’ కోర్సు వచ్చి చేరతాయి. తరగతితోపాటు ఫీజూ పెరుగుతుంది. అసలు ఖర్చు ఇంటర్‌లో, ఆ తర్వాత చదువుల్లో ఎదురవుతుంది. ఎల్‌కేజీకే గాజులు తాకట్టు పెట్టి, ఇంటర్ నాటికి చేతులెత్తేసిన కుటుంబాలను నేను చూశాను. నిజంగా డబ్బు అవసరమైన చోట వాళ్ల దగ్గర డబ్బు లేదు. సర్కారు బడిలో చదివితే వచ్చేవి కొన్ని చాలామందికి తెలియవు. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ పరీక్షలో ఎంపికైన పిల్లకు తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది. అది ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదివే పేదింటి పిల్లలకే. నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీల్లో సీట్లు పదో తరగతి మార్కుల మీద ఇస్తారు. రెసిడెన్షియల్ కాని సర్కారు బడి పిల్లలకు అక్కడ అదనపు మార్కుల వెసులుబాటు ఉంది. ప్రైవేటు బడిలోనే చేర్చాలనుకునే పేద తల్లిదండ్రులకు అదే విద్యాహక్కు చట్టం 12వ సెక్షన్ కింద 25 శాతం సీట్లున్నాయి. అప్పు చేయడానికి ముందు వీటి గురించి విచారించండి.

4. ప్రవేశ పరీక్ష కొందరిని ఎంచుతుంది, మిగిలినవాళ్ల విలువ తేల్చదు.

ప్రతిభ ఉన్న పల్లె పిల్లలకు మంచి చదువు అందాలన్న ఆలోచన గొప్పది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులం ఆ ఆలోచనలోంచే పుట్టింది. 1986 జాతీయ విద్యావిధానంతో నవోదయలు దేశంలో దాదాపు అన్ని రాష్ట్రాలకూ విస్తరించాయి. నవోదయలో ఆరో తరగతికి ఉండేవి 80 సీట్లు. వాటిలో కనీసం నాలుగింట మూడొంతులు పల్లె పిల్లలవే. చదువు, తిండి, వసతి ఉచితం. పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, ఒక్కసారే రాయనిస్తారు. జిల్లా మొత్తం పోటీపడే చోట బాగా చదివే పిల్లకు కూడా సీటు రాకపోవడం మామూలే. ఆ మాట పిల్లకు ముందే చెప్పాలి. నేను చెప్పలేదు. సాయంత్రాలు కోచింగ్ ఇస్తూ, వారం వారం మార్కులు పై నుంచి కిందికి చదివి వినిపించేవాణ్ని. సీటు రాని ఒక కుర్రవాడు తర్వాత నా తరగతికే వచ్చాడు. బోర్డు దగ్గరికి పిలిస్తే, ఇంకా లెక్క వేయకముందే ‘నాకు రాదు సార్’ అనేవాడు. ఆ మాట మాన్పించడానికి నాకు రెండు తరగతుల కాలం పట్టింది. అంత తెలివైన పిల్లవాడి నోట ఆ మాట పెట్టింది నేనూ, వాడి నాన్నా కలిసి.

5. హాస్టలు ఒక పిల్లకు రెక్కలిస్తుంది, మరొక పిల్లను ముడుచుకుపోయేలా చేస్తుంది.

నా కూతురు నవోదయలో చదివింది. ఆరో తరగతిలో చేరిన కొత్తలో ఏడ్చింది. పండక్కి ఇంటికొచ్చే సరికి పదిమంది స్నేహితురాళ్ల పేర్లు చెప్పింది. అక్కడి పద్ధతి ప్రకారం తొమ్మిదో తరగతిలో కొందరు పిల్లలను ఏడాదిపాటు హిందీ రాష్ట్రాల నవోదయకు పంపుతారు. మా అమ్మాయి కోరి వెళ్లింది. దానికి హాస్టలు సరిపడింది. అదే నమ్మకంతో కొడుకును నగరంలో ఒక కార్పొరేట్ రెసిడెన్షియల్ బడిలో వేశాను. వారాంతపు పరీక్షలో మార్కులు తగ్గితే సెక్షన్ మార్చేవారు. సెక్షన్ మారితే టీచర్లు మారతారు, పక్కన కూర్చునే స్నేహితుడూ మారతాడు. ఆదివారం చూడటానికి వెళ్తే, వాళ్లమ్మ పట్టుకెళ్లిన గారెలు తినకుండా, ముందుగా తన సెక్షన్ ఏదో చెప్పేవాడు. అది పెరిగిందా తగ్గిందా అని నేనూ అడిగేవాణ్ని. పిల్లవాడు అలా ఎందుకు మొదలుపెడుతున్నాడో ఆలోచించలేదు. వెనక్కి తీసుకొస్తే నలుగురూ ఏమనుకుంటారోనని రెండేళ్లు అలాగే ఉంచాను. ఇంటికి తెచ్చి మామూలు బడిలో వేశాక మళ్లీ నవ్వాడు, మళ్లీ చదివాడు. బడి సరిపడలేదని తెలిసిన రోజే మార్చండి. పరువు పోతుందన్న భయంతో పిల్లవాడి ఏళ్లు ఖర్చుచేసే హక్కు మనకు లేదు.

6. ఇంగ్లీషు కోసం తెలుగును వదులుకోనక్కర్లేదు.

ప్రైవేటు బడికి పరుగెత్తడానికి ఒకప్పుడు ఇంగ్లీషు మీడియమే పెద్ద కారణం. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల సర్కారు బడుల్లోనూ అది ఉంది. ఇక చూడవలసింది, చదివినది పిల్లకు అర్థమవుతోందా లేదా అన్నదే. మూడో తరగతి పిల్ల తెలుగులో ఒక చిన్న కథ చదివి తన మాటల్లో చెప్పగలిగితే ఇంగ్లీషూ పట్టుకుంటుంది. రెండు భాషల్లోనూ బట్టీ పట్టే పిల్లకు లెక్కల్లో రాత ప్రశ్న వచ్చేసరికి దారి తెలియదు. నా తరగతుల్లో లెక్క తప్పిన పిల్లల్లో చాలామంది కూడికలో తప్పలేదు, ప్రశ్న చదవడంలోనే తప్పారు.

7. మనం వదిలేసిన బడి మన ఊళ్లోనే ఉంటుంది.

ఒక కూలి తల్లి తన కూతుర్ని మా బడిలో చేర్చడానికి వచ్చి, ‘మాస్టారూ, మీ అబ్బాయి ఏ బడి?’ అని అడిగింది. ఆమె నన్ను నిలదీయడానికి అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది. నేను చెప్పలేకపోయాను. జీతం తీసుకునే బడిని నా పిల్లవాడికి పనికిరాదనుకున్న టీచర్లలో నేనూ ఒకణ్ని. గట్టిగా అడగగల తల్లిదండ్రులందరూ బస్సెక్కించి పంపేశాక, ఆ బడి కోసం మాట్లాడటానికి నోరులేనివాళ్లే మిగులుతారు. పోస్టు ఖాళీగా ఉందని, కుళాయిలో నీళ్లు రావడం లేదని ఎవరు అడుగుతారు? విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఆ అధికారం చాలా ఊళ్లలో సంతకాల పుస్తకానికే పరిమితమైంది.

అమ్మా, నాయనా, మీ పిల్ల మీకే తెలుసు. మా తరం లాగా పక్కింటివాళ్లను చూసి నిర్ణయించకండి. జూన్‌లో బడులు తెరిచే లోపు వీలు చేసుకుని ఊరి బడికి, టౌను బడికి, పిల్లను పరీక్ష రాయించాలనుకునే బడికి స్వయంగా వెళ్లి రండి. వెళ్లేటప్పుడు పిల్లను కూడా తీసుకెళ్లండి. ఊరి బడి సరిపోయేలా ఉంటే అక్కడే వేయండి, కమిటీ సమావేశానికి తప్పకుండా వెళ్లండి. మీరు అడిగితే ఆ బడి మీ పిల్లకే కాక, అడగలేని వాళ్ల పిల్లలకు కూడా బాగుపడుతుంది.